సంక్రాంతికి పండే మామిడి: పెరట్లో కొత్త పునాస రకం తయారు చేయడం ఎలా

మా కోనసీమలో కార్తీకమాసంలో ఎవరింట్లోనైనా మామిడికాయ పప్పు వండారంటే అది పునాస చెట్టు పుణ్యమే. వేసవి కాపు అందరితో పాటు కాస్తుంది, మిగతా చెట్లు నిద్రపోయే రోజుల్లో ఇంకోసారి పూసి నాలుగు కాయలు ఇస్తుంది. కానీ రుచి దగ్గరే చిక్కు. కాయ పప్పుకీ పచ్చడికీ బాగుంటుంది, పండు మాత్రం ఏదో తిన్నామంటే తిన్నాం. అటు కొత్తపల్లి కొబ్బరి అనే వేసవి మామిడి ఉంది. ఆవకాయకీ పేరే, పండినా పేరే. దాన్ని తినాలంటే వేసవి దాకా ఆగాలి.

ఈ రెంటినీ కలిపి అకాలంలో తినదగ్గ పండునిచ్చే చెట్టు తయారు చేయవచ్చా అంటే, చేయవచ్చు. దానికి ల్యాబు అక్కర్లేదు. ఒక పట్టకారు, భూతద్దం, నోటుబుక్కు, పదేళ్ల ఓపిక ఉంటే చాలు. పదేళ్లు అనగానే చాలామంది ఈ వ్యాసం ఇక్కడే ఆపేస్తారని తెలుసు. కొబ్బరి మొక్క నాటి కాపు కోసం ఎదురుచూసిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు.

ముందు పంచాంగం, తర్వాత చెట్టు

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశాను. "అకాలంలో కాయాలి" అనుకుని మొదలుపెడతాం. ఏ నెలలో కాయాలో అనుకోం. డెల్టాలో నెల తేడా అంటే బతుకు తేడా.

మామిడి పిందె కట్టిన రోజు నుంచి కాయ ముదరడానికి రకాన్ని బట్టి దాదాపు 100 నుంచి 120 రోజులు పడుతుంది. జూలైలో పిందె కడితే నవంబరు మొదటికి కాయ నిండు బరువుతో తొడిమకి వేలాడుతూ ఉంటుంది. సరిగ్గా మనకి తుఫాన్లు వచ్చే రోజులవి. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకి మా కొబ్బరి చెట్లే నేలకూలాయి, ఇక మామిడికాయ ఎంత? అదే సెప్టెంబరు మూడో వారంలో పిందె కడితే, గాలులు లేచే నాటికి కాయ నిమ్మకాయంత, మహా అయితే కోడిగుడ్డంత ఉంటుంది. కొన్ని రాలినా అన్నీ పోవు. అక్కడి నుంచి 110 రోజులు లెక్కేసి, గడ్డిలో మగ్గడానికి మరో వారం కలిపితే సంక్రాంతికి పండు చేతికొస్తుంది. పండక్కి అల్లుడి ముందు బంతిలో మామిడిపండు ముక్కలు! మార్కెట్ సంగతి సరేసరి.

కాబట్టి మీరు వెతకాల్సింది ఏడాదంతా కాసే చెట్టు కాదు. ఆగస్టు నడిమికి పూమొగ్గ తొడిగి, సెప్టెంబరులో వానకీ తట్టుకుని పిందె నిలిపే చెట్టు. ఈ మాట నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. తర్వాత ప్రతి మొక్కనీ దీనితోనే కొలవాలి.

తల్లి ఎవరు, తండ్రి ఎవరు

మామిడిలో క్రాసింగ్, అంటే ఒక రకం పూవుకి ఇంకో రకం పుప్పొడి అంటించి సంకరం చేయడం, కొత్తేమీ కాదు. మల్లికకి నీలం తల్లి, దశేరి తండ్రి. అవే రెండూ తిరగేస్తే ఆమ్రపాలి వచ్చింది. మన బంగినపల్లికి అల్ఫాన్సోని కలిపి బెంగళూరులో అర్క అరుణ చేశారు. సంగారెడ్డి నుంచి వచ్చిన మంజీరకి రుమానీ, నీలం తల్లిదండ్రులు. రాజస్థాన్‌లో కోటా దగ్గర ఒక రైతు ఎంచి నిలబెట్టిన సదాబహార్ ఏడాదిలో చాలా నెలలు కాస్తుంది. అంటే అకాల కాపు మామిడి రక్తంలోనే ఉన్న గుణం. దాన్ని ఏరుకోవడమే మన పని.

పునాసని తండ్రిగా, వేసవి రకాన్ని తల్లిగా పెట్టుకోండి. కారణం చెబుతాను. మనం ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి తల్లి చెట్టు పుప్పొడే దాని పూవు మీద పడి పిందె కడుతుంది. పునాస తల్లి అయితే అలా పుట్టిన మొక్క కూడా అకాలంలో పూసి, "నేనే మీ సంకరాన్ని" అని మోసం చేస్తుంది. కొబ్బరి మామిడి తల్లి అయితే ఆ గొడవ ఉండదు. దాని టెంకలోంచి వచ్చిన మొక్క ఏటేటా భాద్రపదంలో పూసిందంటే పునాస పుప్పొడి అందినట్టే.

తల్లిగా ఎంచిన చెట్టు టెంక ఒకటి ముందు నాటి చూడండి. ఒకే మొలక రావాలి. మన ఆంధ్ర రకాలు దాదాపు అన్నీ ఒక టెంకకి ఒక మొలక ఇచ్చేవే. పడమటి తీరపు రకాలు కొన్నింటికి ఒక టెంక నుంచి నాలుగైదు మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి అచ్చు నకళ్లు. అలాంటి చెట్టు తల్లిగా పనికిరాదు.

ఇంకోటి, తల్లి చెట్టు నిలబడి చేయి చాపితే అందాలి. రుచి పావు వంతు తక్కువైనా ఫర్వాలేదు, నిచ్చెన మీద నిలబడి పట్టకారుతో రెండు వారాలు పని చేయలేరు.

వరి తెలిసినవాళ్లకి ఒక సందేహం వస్తుంది. మారుటేరులో స్వర్ణ లాంటి రకం చేయాలంటే క్రాస్ చేసి, ఆ తర్వాత తరాల తరబడి ఏరుతూ స్థిరపరచాలి కదా అని. మామిడికి ఆ బాధ లేదు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ గుణాలు ఇప్పటికే కలగాపులగంగా ఉంటాయి కనుక మొదటి తరంలోనే ఏ మొక్కకి ఆ మొక్క వేరుగా వస్తుంది. అందులో మంచిది ఒక్కటి దొరికితే, అంటు కట్టిన ప్రతి మొక్కా దాని నకలే. వరిలో కష్టం తరాల్లో ఉంటే, మామిడిలో కష్టమంతా ఆ ఒక్కటి దొరకడంలో ఉంది.

పూత రోజుల్లో చేసే పని

పునాస వేసవి కాపుకి కూడా పూస్తుంది కాబట్టి రెండు చెట్లూ కలిసి పూతలో ఉండేది పుష్య, మాఘ మాసాల్లో. క్రాసింగ్ అప్పుడే.

ఒక పూగుత్తిలో వెయ్యి నుంచి ఆరు వేల దాకా పూలుంటాయి. వాటిలో చాలా భాగం మగ పూలే. ద్విలింగ పూలు, అంటే కాయ కట్టగలిగినవి, రకాన్నీ ఏడాదినీ బట్టి ఎంతైనా మారతాయి. భూతద్దంలో చూస్తే ద్విలింగ పూవు మధ్యలో ఆవగింజకన్నా చిన్నగా పసుపుపచ్చని గుండు కనిపిస్తుంది. అదే అండాశయం. దాని పక్క నుంచి వెంట్రుక లాంటి కీలం వంగి లేస్తుంది. ఆ గుండు లేకపోతే అది మగ పూవు. కేసరాలు ఐదున్నట్టు కనిపించినా పుప్పొడి ఇచ్చేది సాధారణంగా ఒక్కటే. దాని తల మీద గులాబీ రంగు తిత్తి ఉంటుంది. మనం గిల్లాల్సింది దాన్నే.

సాయంత్రం 4 గంటలకి మొదలుపెట్టండి. మూడో వంతు విచ్చుకున్న గుత్తిని ఎంచుకుని, విచ్చిన పూలన్నీ తీసేయండి. మరీ చిన్న మొగ్గలు కూడా గిల్లేయండి. రేపు పొద్దున విచ్చుకునేలా ఉబ్బి, రెక్కల కొసలు వదులైన మొగ్గలు ఎనిమిదో పదో మిగలాలి. ఒక్కోదాన్ని ఎడమ చేతి వేళ్ల మధ్య పట్టుకుని, రెక్కల్ని పట్టకారు మొనతో పక్కకి నెట్టండి. లోపల గుండు లేకపోతే ఆ మొగ్గ తీసేయండి. ఉంటే గులాబీ తిత్తిని కింద నుంచి పట్టి తుంచేయండి. గుండుకి పట్టకారు తగిలిందా, ఆ పూవు పోయినట్టే. మొదటి రోజు నేను చేసిన ఇరవైలో సగం అలాగే చంపేశాను. మూడో రోజుకి చేతికి అలవాటైపోతుంది.

పని కాగానే గుత్తికి బటర్ పేపర్ సంచి తొడిగి, మెడ దగ్గర దూది చుట్టి దారం కట్టండి. దూది లేకపోతే చీమలు దూరతాయి. అదే సాయంత్రం పునాస గుత్తులు రెండింటికి కూడా సంచులు తొడగాలి. లేకపోతే పొద్దున్నే ఈగలు వేరే చెట్టు పుప్పొడి తెచ్చి అంటిస్తాయి. మామిడి పూతకి పెళ్లి చేసే పురోహితులు ముఖ్యంగా ఈగలే, తేనెటీగలు కాదు.

మర్నాడు 7 గంటలకి పునాస గుత్తి సంచి తీసి, అప్పుడే విచ్చిన పూలు కోసి స్టీలు పళ్లెంలో తెల్లకాగితం మీద పరచండి. నీడలో ఉంచాలి, ఫ్యాను గాలి తగలకూడదు. 9 గంటలు దాటేసరికి గులాబీ తిత్తులు నీలిబూడిద రంగుకి మారి పగులుతాయి. పుప్పొడి సిద్ధమైందనడానికి గుర్తు అదే. మంచు ఎక్కువ కురిసిన రోజు ఇంకో గంట ఆలస్యం కావచ్చు, తొందరపడకండి. పగిలిన పూవుని తొడిమతో పట్టుకుని, తల్లి పూవు కీలం కొసకి ఆ తిత్తిని రెండుసార్లు మెత్తగా రాయండి. ఒక పునాస పూవుతో రెండు తల్లి పూలకి సరిపెట్టుకోవచ్చు. 11 గంటల్లోపు ముగించి మళ్లీ సంచి తొడిగేయండి.

ఒకే గుత్తిలో వంద పూలు చేయాలన్న ఆశ వద్దు. ఎన్ని చేసినా ఆ గుత్తి మోసేది ఒకటీ రెండే. గుత్తికి పది చొప్పున ముప్పై గుత్తులు చేయడం మేలు. అది కూడా చెట్టుకి నాలుగు వైపులా చేయండి. పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఉంటే ముందే అదుపు చేసుకోవాలి. పూలు విచ్చాక మందు కొడితే మన ఈగలూ పోతాయి, పుప్పొడీ పాడవుతుంది.

నాలుగైదు రోజులయ్యాక కాగితం సంచి తీసేయండి. ఉంచితే లోపల చెమ్మకి గుత్తి కుళ్లిపోతుంది.

చీటీ మాట

ఆ రోజే ప్రతి గుత్తికీ చీటీ కట్టాలి: తల్లి, తండ్రి, తేదీ, ఎన్ని పూలు. అట్టముక్క మీద పెన్నుతో రాస్తే మాఘం మంచుకే చెరిగిపోతుంది. కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తెరతో ముక్కలు చేసి, మేకుతో గీసి రాయండి. పదేళ్లయినా చెరగదు.

పిందెలు మొదటి నెలలో వరసగా రాలుతుంటే గుండె జారుతుంది. అది మామూలే. వందకి ఒకటి చివరిదాకా నిలిచినా గొప్ప. గోలీకాయంత అయ్యాక వల సంచి కట్టండి, రాలినా అందులోనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకి చెప్పడం కూడా మర్చిపోకండి. నా మొదటి ఏడాది నిలిచిన మూడు కాయల్లో ఒకటి కనిపించలేదు.

"అమ్మా, ఆ వల సంచిలో కాయేదమ్మా?"

"పప్పులో వేశాను రా. సంచి ఉతికి ఆరేశాను చూడు, దండెం మీద ఉంది."

పప్పు బాగానే ఉంది. టెంక లేతది, మొలవదు.

టెంక నుంచి మొక్క

కాయ చెట్టు మీదే బాగా ముదరాలి. మగ్గాక పండు తినేయండి, కానీ ఆ రుచి చూసి మొక్క గురించి ఏమీ అనుకోకండి. పండు గుజ్జు తల్లి చెట్టుదే, సంకరం ఉండేది టెంకలోని జీడిలోనే.

మామిడి జీడి నిలవ ఉండదు. వడ్ల గింజలా అటకెక్కిస్తే చచ్చిపోతుంది. పండు తిన్న వారంలోపు నాటెయ్యాలి. టెంక అంచుని కత్తితో జాగ్రత్తగా విప్పి జీడి బయటికి తీయండి. పురుగు తొలిచిన రంధ్రం ఉందేమో చూడండి. ఒకవంతు మట్టి, ఒకవంతు గోదారి ఇసుక, ఒకవంతు చివికిన పశువుల ఎరువు కలిపిన సంచిలో, వంపు భాగం పైకి ఉండేలా, రెండు వేళ్ల లోతున పెట్టండి. రెండు మూడు వారాల్లో రాగిరంగు ఆకులు విప్పుతుంది.

మన దగ్గర చిక్కల్లా ఇది సరిగ్గా కాలవలు కట్టేసే వేసవి రోజుల్లో పడుతుంది. చెరువు నీళ్లు అడుగంటి, బోరు నీళ్లు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు ఆ నీళ్లు లేత మొక్కకి పోయకండి, ఆకు కొసలు మాడిపోతాయి. రెండు డ్రమ్ములు తీపి నీళ్లు నింపి పెట్టుకోండి.

ఏడాది తిరిగేసరికి ఒక పరీక్ష చేయవచ్చు. కొత్త ఆకు నలిపి వాసన చూడటం. మామిడిలో ఆకు వాసనకీ పండు వాసనకీ సంబంధం ఉంటుంది. ముందు తల్లి చెట్టు లేతాకు నలిపి పీల్చండి, తర్వాత పునాసది, ఆ తర్వాత మొక్కలవి ఒక్కోటీ. మూడు మొక్కలకి ఒకసారి బయటి గాలి పీల్చుకోవాలి, లేకపోతే ముక్కు ఒప్పుకోదు. కర్పూరపు ఘాటు, పచ్చి సొన వాసన తప్ప ఏమీ లేనివాటిని పక్కన పెట్టవచ్చు. నేనైతే వాసన ఒక్కటే చూసి ఏ మొక్కనీ పీకను, వరసలో చివర పెడతానంతే.

ఎన్ని మొక్కలు కావాలి? పరిశోధనా స్థానాల్లో వందలు పెంచుతారు. పెరటికి నలభై వస్తే అదృష్టం. ఇంత శ్రమ వద్దనుకుంటే పునాస పక్కనే కొబ్బరి మామిడి ఉన్న తోటలో కొబ్బరి మామిడి టెంకలు ఏరి నాటండి. తండ్రి ఎవరో తెలియదు, అదొక్కటే లోటు. మన పేరున్న రకాలు చాలావరకు అలా గాలివాటుగా పుట్టి ఎవరి కంటో పడ్డవే.

పెద్ద చెట్టుకి అంటు కట్టి తొందరపెట్టడం

టెంక మొక్కని నేలలో వదిలేస్తే పూయడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నలభై చెట్లకి చోటెక్కడ? అందుకే ఏడాదిన్నర, రెండేళ్ల మొక్క నుంచి పుల్ల తీసి, కాపు కాస్తున్న పెద్ద చెట్టు కొమ్మలకి అంటు కట్టాలి. అలా చేస్తే మూడు నాలుగేళ్లలో పూత చూడవచ్చు. అసలు మొక్క సంచిలోనో గట్టు మీదో బతికి ఉండాలి, దాన్ని పారేయకండి.

అంటు చేత్తో కట్టడం రాకపోతే కడియం నర్సరీల వైపు నుంచి ఒక మేస్త్రిని పిలిపించుకోండి. రోజు కూలికి వస్తారు, వాళ్ల చేతివాటం చూస్తే మనకి సిగ్గేస్తుంది. పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందు దాని ఆకుల్ని కత్తిరించి తొడిమలు మాత్రం వదలాలి. కొసమొగ్గ ఉబ్బాక కోయాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో చెమ్మ ఉంటుంది కనుక మన దగ్గర అంటు బాగా అతుకుతుంది.

ఒకే చెట్టు మీద పదిహేను ఇరవై మొక్కల పుల్లలు కట్టవచ్చు. అదే చెట్టు మీద ఒక కొమ్మకి పునాస, ఇంకో కొమ్మకి తల్లి రకం కూడా కట్టండి. దీనికి డబ్బేమీ ఖర్చు కాదు కానీ దీని విలువ తర్వాత తెలుస్తుంది. ఏదో ఏడాది వానలు వెనకపట్టి అన్ని కొమ్మలూ సెప్టెంబరులో పూస్తే, తల్లి రకం కొమ్మ కూడా పూసిందా లేదా అని చూస్తే చాలు. అది కూడా పూసిందంటే ఆ ఏడాది లెక్కలోకి రాదు.

మా మేస్త్రి ఒకాయన చెట్టంతా చూసి, "ఇన్ని రకాలు ఒక చెట్టుకెందుకండీ, చెట్టుకి పిచ్చెక్కిపోద్ది" అన్నాడు. చెట్టుకేమీ కాలేదు, రేకుచీటీలు గాలికి గలగలమంటుంటే పిట్టలు మాత్రం రావడం మానేశాయి.

ఏరివేత

ఇక్కడి నుంచి పని నోటుబుక్కుదే. ప్రతి కొమ్మకీ ఒక పేజీ. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

14వ కొమ్మ. ఆగస్టు 19: మొగ్గ చీలింది. సెప్టెంబరు 12: నిండు పూత, రెండు రోజుల ముసురు. సెప్టెంబరు 24: పిందె, ఏడు గుత్తుల్లో నాలుగింటికి. అక్టోబరు 30: ఐదు మిగిలాయి. గుత్తులు రెండు నల్లబడ్డాయి, మచ్చ తెగులు.

రుచి గురించి ఇంకా ఒక్క ముక్క లేదు చూడండి. తేదీ నిలవనిది రుచి బాగున్నా మనకి వద్దు, అలాంటివి వేసవిలో బోలెడున్నాయి. వరసగా మూడేళ్లు ఆ తేదీలకి అటూ ఇటూ పది రోజుల్లో పూసినదాన్నే ఉంచండి. మొదటి ఏడాది పూతని చూసి మురిసిపోవద్దు, అంటు కట్టిన దెబ్బకి కూడా కొమ్మ ఒకసారి పూస్తుంది. ఆ చెట్టుకి పాక్లోబ్యూట్రజాల్ లాంటి పూత మందులు పోయకండి. మందు తెప్పించిన పూతనీ రక్తంలో ఉన్న పూతనీ తర్వాత ఎవరూ విడదీయలేరు.

తేదీ పరీక్షలో నెగ్గినవాటిలో వానకి గుత్తి నల్లబడనివి, తొడిమ గట్టిగా ఉన్నవి చూడండి. పండు ఈగ వానాకాలపు కాయని వదలదు, తోలు కాస్త మందంగా ఉంటే నయం. ఆ తర్వాతే పీచు, తీపి, వాసన. రిఫ్రాక్టోమీటరు కొంటే రసం చుక్క వేసి తీపి చదవచ్చు. చలికాలపు పండు 17, 18 బ్రిక్స్ (తీపి కొలత) చూపిస్తే సంతోషించాలి. అది లేకపోతే ఇంటికొచ్చిన పదిమందికి పేరు చెప్పకుండా ముక్కలు పెట్టండి. రెండో ముక్క ఎవరు అడిగారో రాసుకోండి, "బాగుంది" అన్న మాట రాసుకోకండి. మర్యాదకి అందరూ అంటారు.

ఊరు దాటించడం

మిగిలిన ఒకటి రెండింటిని ఐదేసి అంట్లు కట్టి వేర్వేరు నేలల్లో పెట్టించండి. లంక ఒండ్రులో ఒకటి, మెట్ట వైపు ఎర్రనేలలో ఒకటి, మన నల్ల బంకలో మూడడుగుల దిబ్బ పోసి ఒకటి. డెల్టాలో దిబ్బ లేకుండా మామిడి నాటితే వేరు నీళ్లలో నానిపోతుంది, అది ఏ రకమైనా అంతే. లంకలో భాద్రపదంలో పూసినది మెట్టలో మార్గశిరంలో పూస్తే, ఆ సంగతి కొనేవాడికి ముందే చెప్పాలి.

అప్పటికి నమ్మకం కుదిరితే వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంవాళ్లకో, నూజివీడు మామిడి పరిశోధనా స్థానానికో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో పండూ నోటుబుక్కూ పట్టుకెళ్లి చూపించండి. 2001లో వచ్చిన మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రకాన్ని మీ పేరున నమోదు చేసుకోవచ్చు. చెట్లకి ఆ హక్కు 18 ఏళ్ల దాకా ఉంటుంది. కొత్త రకంగా పెట్టాలంటే మన దేశంలో దాని అమ్మకం మొదలైన ఏడాదిలోపే దరఖాస్తు పడాలి. కాబట్టి అప్పటిదాకా పుల్లలు ఎవరికీ అమ్మకండి. చుట్టాలొచ్చి "ఒక్క పుల్లేగా బావా" అంటే పండు పెట్టి పంపండి. టెంక మాత్రం వెనక్కి తీసుకోండి.